రంగు ఆఖరి పని: సిమెంటు స్లాబు మీద యాక్రిలిక్ కోర్టు వేయించడం ఎలా

అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగులో కోర్టు మాట వచ్చిందంటే చర్చ రంగుతోనే మొదలవుతుంది. లోపల నీలమా, ఆకుపచ్చా? చుట్టూ ఎరుపు వేస్తే ఫొటోల్లో బాగా పడుతుందా? కాంట్రాక్టరు కూడా సంచిలోంచి ముందు కలర్ చార్టే తీస్తాడు. మామూలు కోర్టు మీద వేసే పొరలన్నీ కలిపినా మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. అవి ఏళ్ల తరబడి నిలుస్తాయా, రెండో వానాకాలానికే పెచ్చులు ఊడతాయా అన్నది కింద ఉన్న కాంక్రీటు చేతిలో ఉంది. అందుకే ఈ వ్యాసంలో రంగు డబ్బా చాలా ఆలస్యంగా తెరుచుకుంటుంది.

ఇది చేత్తో పని చేసే మేస్త్రి కోసం రాసింది కాదు. పక్కన నిలబడి పని చేయించుకునే వాళ్ల కోసం: అసోసియేషన్‌లో ఆ బాధ్యత నెత్తిన పడ్డవాళ్లు, స్కూలు పీఈటీ సార్లు, ఇంటి వెనక స్థలంలో పిల్లలకు కోర్టు వేయిద్దామనుకునే వాళ్లు. మన దగ్గర ఎక్కువ కోర్టులు సిమెంటు స్లాబు మీదే కాబట్టి దాని గురించే చెబుతాను. తారు బేస్ సంగతి కొంచెం వేరు.

ముందు ఒక అపోహ, ఏ పెయింటు వేసినా ఒకటేనని. మనవాళ్లు 'సింథటిక్ కోర్టు' అనేది ఈ యాక్రిలిక్ కోర్టునే. నీళ్లలో కలిసే యాక్రిలిక్ రెసిన్, రంగు పొడి, సన్నటి సిలికా ఇసుక కలిపి పొరలు పొరలుగా లాగుతారు. 1978 నుంచి యూఎస్ ఓపెన్, 1988 నుంచి ఆస్ట్రేలియన్ ఓపెన్ జరుగుతున్న హార్డ్ కోర్టుల పైపొర ఈ జాతిదే. 2005లో సానియా మీర్జా మన లాల్ బహదూర్ స్టేడియంలో హైదరాబాద్ ఓపెన్ గెలిచింది కూడా హార్డ్ కోర్టు మీదే. గోడలకు వేసే ఎక్స్‌టీరియర్ పెయింటు దీనికి ప్రత్యామ్నాయం కాదు. అందులో ఇసుక ఉండదు, నాలుగు చినుకులు పడితే కాలు జారుతుంది. షెడ్డు లోపల ఫ్లోరింగ్‌కు బాగుండే ఎపాక్సీ బయట ఎండకు పసుపెక్కి, సుద్దలా రాలుతుంది. 'అదీ ఇదీ ఒకటే సార్, చవకలో అయిపోతుంది' అన్నవాడికి అక్కడే నమస్కారం పెట్టేయండి.

1. కోర్టంతా నీళ్లు పట్టి చూడండి

ఎండ బాగా కాసే రోజు చూసుకుని, కోర్టు మొత్తం తడిసి నీళ్లు పారేదాకా పైపుతో పట్టండి. ఆపాక గంటసేపు ఆగండి. వాటం (వాలు) సరిగ్గా ఉంటే ఈపాటికి నీళ్లన్నీ ఒక పక్కకు జారిపోతాయి. ఎక్కడైనా మడుగు మిగిలితే అందులో రూపాయి బిళ్ళ పెట్టండి. బిళ్ళ మునిగిందంటే ఆ పల్లం పూడ్చాల్సిందే. బిళ్ళ మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఈ పని తెలిసినవాళ్లు ఒప్పుకునే హద్దు కూడా ఇంచుమించు అంతే. మడుగు చుట్టూ అప్పటికప్పుడే సుద్దతో గీసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆరిపోయాక ఏ పల్లం ఎక్కడుందో ఎవరికీ కనబడదు, కాంట్రాక్టరుకు అసలే కనబడదు.

నీళ్లు ఎటు పోతున్నాయో కూడా గమనించండి. కోర్టు వాటం ఒకే తలంగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఉండాలి. ఎంత అంటే సుమారు నూటికి ఒకటి. 60 అడుగుల వెడల్పున్న టెన్నిస్ స్థలంలో ఒక పక్కకూ రెండో పక్కకూ 15 నుంచి 18 సెంటీమీటర్ల తేడా అన్నమాట. చాలా అపార్ట్‌మెంట్లలో స్లాబు వేసిన మేస్త్రి డాబా అలవాటుతో మధ్యలో ఎత్తు చేసి రెండు వైపులా వాలు ఇస్తాడు. ఇంకా ఘోరం, వాహనాల పార్కింగ్‌లో లాగా మధ్యలోకి వాలు ఇచ్చి జాలీ పెడతాడు. ఇలాంటి వాటం తప్పులను యాక్రిలిక్ దిద్దలేదు. వాటం పూర్తిగా తిరగబడి ఉంటే ఆ డబ్బు రంగు మీద పెట్టకుండా స్లాబు పైన కొత్త కాంక్రీటు పొర వేయించడానికి దాచుకోండి.

చిన్న పల్లాలకు మందు ఉంది. యాక్రిలిక్ ప్యాచ్ బైండర్‌లో సిమెంటు, సిలికా ఇసుక కలిపి గట్టి ముద్ద చేస్తారు. ముందు పల్లంలో పలచన చేసిన బైండర్‌ను బ్రష్‌తో పూసి, అది జిగటగా ఉండగానే ముద్ద పోసి, పొడవాటి అల్యూమినియం బద్దతో సుద్ద గీత దాటే దాకా లాగాలి. అంచులు సన్నగా కలిసిపోవాలి, మెట్టు మిగలకూడదు. పల్లం లోతుగా ఉంటే ఒకేసారి నింపకుండా రెండు మూడు విడతల్లో, ఒకటి ఆరాక ఒకటి. అంతా ఆరాక మళ్లీ నీళ్లు పట్టి, మళ్లీ బిళ్ళ పెట్టి చూడండి. ఈ రెండోసారి చూడడమనేది ఎవరూ చేయరు. మీరు చేయండి. మూడు మీటర్ల బద్దను స్లాబు మీద ఎటు పెట్టినా కింద మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనబడకుండా ఉంటే ఆట కోర్టుకు సరిపోయే చదును వచ్చినట్టే.

2. కింద నుంచి తేమ వస్తోందా?

కోర్టు పాడవడానికి పెద్ద కారణం పైన పడే వాన కాదు, కింద నుంచి లేచే తేమ. స్లాబు వేసేటప్పుడు అడుగున మందపాటి పాలిథిన్ షీట్ పరవకపోతే నేలలోని నీరు ఆవిరిగా కాంక్రీటు గుండా పైకి వస్తుంది. ఊరికే వదిలేసిన స్లాబు మీద అది గాలిలో కలిసిపోతుంది కాబట్టి తెలియదు. పైన యాక్రిలిక్ పొర పడ్డాక ఎండ కాసిందంటే ఆ ఆవిరి పొరను పైకి నెడుతుంది. అప్పుడు బొబ్బలు లేస్తాయి. పిల్లలు వాటిని కాలితో చిదుముతారు, అక్కడి నుంచి పెచ్చులు మొదలు.

పరీక్ష తేలిక. ఒకటిన్నర అడుగు చదరం పాలిథిన్ ముక్కలు నాలుగైదు తీసుకుని కోర్టు మీద వేరువేరు చోట్ల పరచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపు వేయండి. ముఖ్యంగా లాన్ పక్కన, సంపు పక్కన, పల్లపు అంచున ఒక్కొక్కటి ఉండాలి. సాయంత్రం వేసి మర్నాడు ఉదయం, కనీసం 16 గంటలు అయ్యాక ఎత్తి చూడండి. షీట్ అడుగున నీటి బొట్లు ఉన్నా, కాంక్రీటు చుట్టుపక్కల కన్నా ముదురు రంగులోకి మారినా తేమ ఉన్నట్టే. అప్పుడు పని ఆపి కారణం వెతకాలి: లాన్‌కు పట్టే నీళ్లా, కారుతున్న పైపా, కోర్టు చుట్టూ కాలువ లేకపోవడమా? అవి సరిచేశాక కూడా తేమ ఆగకపోతే తేమను అడ్డుకునే ఎపాక్సీ ప్రైమరు వేసి పైన యాక్రిలిక్ వేస్తారు. కొత్తగా వేసిన స్లాబు అయితే 28 రోజులు పూర్తయ్యే దాకా ఈ పరీక్ష కూడా పెట్టనక్కర్లేదు.

స్లాబు ఇంకా వేయలేదా? అదృష్టవంతులు. మేస్త్రికి నాలుగు మాటలు ముందే చెప్పండి. అడుగున పాలిథిన్ వేయాలి. నీళ్లు పట్టేటప్పుడు గోనెపట్టాలు గానీ మట్టికట్టలు గానీ వాడాలి, క్యూరింగ్ కాంపౌండ్ స్ప్రే చేయకూడదు, ఆ మైనం లాంటి పొర మీద యాక్రిలిక్ పట్టదు. పైన అద్దంలా నున్నగా తిప్పకుండా చీపురు గీతలు వదలాలి. నెట్ స్తంభాల పైపులు, బాస్కెట్‌బాల్ పోల్ ఫౌండేషన్ ముందే దింపాలి, తర్వాత కోర్టును తవ్వితే అతుకు జన్మంతా కనబడుతుంది.

3. పైపొరను గరుకు చేయడం

పాత స్లాబు ట్రిమిక్స్‌తో (తడి కాంక్రీటులో నీళ్లు పీల్చేసి మెషీన్‌తో తిప్పే పద్ధతి) నున్నగా చేసినదైతే ఈ అంకం తప్పదు. చేత్తో తడిమి చూడండి. నున్నగా జారితే, రుద్దితే తెల్లటి పొడి రాలితే, పైన సిమెంటు పాలు తేలి గట్టిపడ్డ బలహీనమైన పొర ఉందన్నమాట. రంగు ఆ పొరను పట్టుకుంటుంది, ఆ పొర మాత్రం కాంక్రీటును పట్టుకోదు. ఊడేటప్పుడు రెండూ కలిసే ఊడతాయి. పెచ్చు తిప్పి చూస్తే అడుగున బూడిదరంగు పొడి అంటుకుని ఉంటుంది, కారణం అక్కడే కనిపిస్తుంది.

దీన్ని తీయడానికి రెండు దారులు. గ్రైండింగ్ మెషీన్‌తో పలచగా గీకించడం ఒకటి. దుమ్ము ఎక్కువ, ఖర్చూ ఎక్కువ, ఫలితం మాత్రం నమ్మకమైనది. రెండోది యాసిడ్ వాష్. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి అందులో యాసిడ్ పోయాలి, ఎప్పుడూ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, మొహం మీదికి చిందుతుంది. పనివాళ్లకు గ్లౌజులు, గమ్‌బూట్లు, కళ్లద్దాలు మీరే తెప్పించండి. కాంట్రాక్టరు తెస్తాడని కూర్చోవద్దు. స్లాబును ముందు తడిపి, పలచన చేసిన యాసిడ్‌ను చల్లి, గట్టి చీపురుతో రుద్దితే బుసబుస పొంగుతుంది. పొంగని చోట నూనె మరకో, పాత పెయింటో, మైనమో ఉందని గుర్తు. అక్కడ డిటర్జెంటుతో కడిగి మళ్లీ చేయాలి. పొంగు ఆగాక ప్రెషర్ వాషర్‌తో రెండు మూడుసార్లు బాగా కడగాలి. కడిగిన నీళ్లు చెట్ల పాదుల్లోకి పోకుండా చూసుకోండి.

అంతా ఆరాక చేత్తో తడిమితే సన్న ఉప్పుకాగితం మీద చెయ్యి వేసినట్టు ఉండాలి. నాలుగు నీటి చుక్కలు వేయండి. వెంటనే ఇంకిపోతే సరే. ముత్యాల్లా నిలబడితే ఇంకా పని ఉంది.

ఇక్కడే ఒక మూల గజం చదరంలో ప్రైమరు, ఒక కోటు రీసర్ఫేసరు (రంగు కింద వేసే, ఇసుక కలిసిన యాక్రిలిక్ పొర) వేయించి రెండు రోజులు వదిలేయండి. తర్వాత బ్లేడుతో గళ్లు గళ్లుగా కోసి, గట్టి టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. టేపుతో పాటు పొర లేచొస్తే మిగతా కోర్టు మీద పని మొదలుపెట్టనివ్వకండి. రెండు రోజుల ఆలస్యానికి కాంట్రాక్టరు గొణుగుతాడు, గొణగనివ్వండి.

4. పగుళ్లు

వెంట్రుకవాసి పగుళ్లు రీసర్ఫేసరులోనే పూడిపోతాయి. అంతకంటే వెడల్పైన వాటిని కట్టర్‌తో కొంచెం తెరిచి, దుమ్ము ఊది, సాగే గుణమున్న యాక్రిలిక్ క్రాక్ ఫిల్లర్‌తో నింపాలి. మామూలు సిమెంటు ముద్ద పెడితే మొదటి వేసవికే మళ్లీ విడిపోతుంది. స్లాబు కదలిక వల్ల వచ్చిన పగులు ఏం పోసినా కొన్నాళ్లకు మళ్లీ తొంగిచూస్తుంది. 'గ్యారంటీగా రాదు' అన్న మాట నమ్మకండి. పైన ఫైబర్ గుడ్డ పరిచి కప్పే పద్ధతులు ఉన్నాయి, అవి వాయిదా వేస్తాయి. గ్రూవ్ కటింగ్ చేసిన జాయింట్లు వేరే సంగతి. అవి కదలడానికే ఉన్నాయి. సాగే సీలెంట్‌తో నింపి, పైన రంగులో సన్న గీత కనబడినా ఫర్వాలేదనుకోవాలి.

5. ఎప్పుడు వేయాలి

తెలంగాణలో నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. కోస్తాలో, అందులోనూ నెల్లూరు వైపు, ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి కాబట్టి జనవరి నుంచి మార్చి నయం. ఏప్రిల్, మే నెలల్లో చేయకూడదని కాదు. ఆ ఎండకు స్లాబు కాలుతుంది, పోసిన మిశ్రమం లాగేలోపే బిగుసుకుని వైపర్ గీతలు మిగులుతాయి. తప్పనిసరైతే తెల్లారగానే మొదలుపెట్టి పదింటికల్లా ఆపాలి. అప్పుడు కూడా వేసే ముందు స్లాబు మీద నీళ్లు తుంపరగా చల్లి చల్లబరుస్తారు. తడి మెరుపు ఉండాలి, నిలవ నీళ్లు ఉండకూడదు.

చలికాలంలో చిక్కు వేరేది. పొద్దున మంచు ఆరకుండా మొదలుపెట్టకూడదు, మధ్యాహ్నం మూడు దాటాక కొత్త కోటు వేయకూడదు. సరిగ్గా ఆరని పొర మీద రాత్రి మంచు కురిస్తే తెల్లారేసరికి రంగు మచ్చలు మచ్చలుగా, పాలిపోయి కనబడుతుంది. వాన సూచన ఉన్న రోజు పని పెట్టుకోవద్దని వేరే చెప్పక్కర్లేదు కదా.

6. కొటేషన్ చదవడం, డ్రమ్ములు లెక్కపెట్టడం

'ఐదు లేయర్లు', 'ఎనిమిది లేయర్లు' అని కొటేషన్లు వస్తాయి. ఒకడు ప్రైమరును కూడా లేయరుగా లెక్కేస్తాడు, ఇంకొకడు గీతల పెయింటును కూడా. లేయర్ల సంఖ్యను పక్కనపెట్టి మూడే అడగండి: రీసర్ఫేసరు ఎన్ని కోట్లు, రంగు ఎన్ని కోట్లు, ఒక్కో దానికి ఎన్ని లీటర్లు? మామూలు సిమెంటు కోర్టుకు రీసర్ఫేసరు కనీసం ఒకటి, గరుకు ఎక్కువుంటే రెండు, రంగు రెండు లేదా మూడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, రోజూ గంటల తరబడి ఆడే పిల్లలు ఉంటే మధ్యలో రబ్బరు పొడి కలిసిన కుషన్ కోట్లు వేయించుకోవచ్చు. ఖర్చు బాగా పెరుగుతుంది, హాయి కూడా పెరుగుతుంది.

లీటర్ల లెక్క ఇలా వేసుకోండి. చుట్టూ ఖాళీతో కలిపి టెన్నిస్ కోర్టు స్థలం 120 అడుగులు ఇంటూ 60 అడుగులు, అంటే 7,200 చదరపు అడుగులు, దాదాపు 669 చదరపు మీటర్లు. నీళ్లు, ఇసుక కలపక ముందు రీసర్ఫేసరు ఒక్కో కోటుకు చదరపు మీటరుకు సుమారు పావు లీటరు పడుతుంది. గరుకు నేల అయితే ఇంకాస్త. కోటుకు 155 నుంచి 215 లీటర్లు అనుకోండి. రెండు కోట్లు అని రాసి లారీలోంచి 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటే దిగితే, రెండో కోటు నీళ్లతో వేస్తారని అర్థం. డ్రమ్ములు సీలుతోనే రావాలి, మీ ముందే తెరవాలి. రంగు డ్రమ్ములన్నీ ఒకే బ్యాచ్ నంబరువి కావాలి. ఖాళీ డ్రమ్ములను పని పూర్తయ్యే దాకా గేటు దాటనివ్వకండి, సెక్యూరిటీ అతనికి చెప్పి ఉంచండి.

ఇసుక గురించి ఒక మాట. రీసర్ఫేసరులోకి 60-80 మెష్ (జల్లెడ నంబరు, అంకె పెరిగేకొద్దీ ఇసుక సన్నం), రంగులోకి ఇంకా సన్నది, 80-100 మెష్, కడిగి ఆరబెట్టిన సిలికా ఇసుక వాడతారు. కట్టడం దగ్గర మిగిలిన ఎం-శాండ్ జల్లించి పోస్తామంటే ఒప్పుకోవద్దు. అందులోని దుమ్ము రెసిన్‌ను తాగేస్తుంది. ఇసుక వల్లే కాలికి పట్టు వస్తుంది, టెన్నిస్‌లో బంతి వేగం కూడా దాని మీదే ఆధారపడుతుంది. ముతక ఇసుక, ఎక్కువ ఇసుక అయితే బంతి పట్టుకుని నెమ్మదిగా లేస్తుంది. సన్నది, తక్కువ అయితే జారి వేగంగా దూసుకొస్తుంది. పిల్లలు, నేర్చుకునేవాళ్లు ఎక్కువగా ఆడే కోర్టుకు కొంచెం నెమ్మది కోర్టే మంచిది. బాస్కెట్‌బాల్‌కైతే మరీ ముతక వద్దు, కిందపడితే మోకాలు చెక్కుకుపోతుంది, బంతి కూడా తొందరగా అరుగుతుంది.

7. రీసర్ఫేసరు లాగడం

కాంక్రీటు ప్రైమరు రోలర్‌తో పలచగా వేయడం అరపూట పని. కంపెనీ చెప్పిన గడువులోపు దాని మీద తర్వాతి కోటు పడాలి, అంతే. చూడాల్సిన పని దాని తర్వాత ఉంది.

పెద్ద డ్రమ్ములో రీసర్ఫేసరు, నీళ్లు, ఇసుక వేసి డ్రిల్లు మిక్సరుతో తిప్పుతారు. కొలతలు కంపెనీని బట్టి మారతాయి, డ్రమ్ము మీద రాసిందే ప్రమాణం. ఒక అంచనాకు లీటరు రీసర్ఫేసరుకు కిలోంబావు నుంచి దాదాపు రెండు కిలోల ఇసుక దాకా పోతుంది. పలచనైతే లాగడం తేలికని పనివాళ్లు నీళ్లు పోస్తూనే ఉంటారు. నీళ్లు మించితే ఇసుక అడుగుకు దిగిపోతుంది, మొదటి బకెట్లో రెసిన్, ఆఖరి బకెట్లో ఇసుక వస్తాయి. కాబట్టి నీళ్లకు ఒక కొలత బకెట్ పెట్టి, ప్రతి బకెట్ పోసే ముందూ డ్రమ్మును కలపమనండి.

ఇక లాగడం. కోర్టు ఒక చివర నుంచి మిశ్రమాన్ని పొడవుగా ఒక పట్టీలా పోస్తారు. రెండున్నర మూడడుగుల రబ్బరు స్క్వీజీని, మనం ఇంట్లో వాడే వైపర్‌కు పెద్దన్న లాంటిది, కొంచెం వాలుగా పట్టుకుని ఆ పట్టీని లాక్కుంటూ వెళ్తారు. వాలుగా పట్టడంలోనే పనితనం ఉంది. ఎక్కువైన మిశ్రమం ఎప్పుడూ కోటు వేయని వైపుకే దొర్లాలి, వేసిన వైపు గీత వదలకూడదు. వెనక్కి వచ్చేటప్పుడు ఆ దొర్లిన పట్టీనే మళ్లీ లాగుతారు. ఒకరు పోస్తూ, ఇద్దరు లాగుతూ, ఒకరు కలుపుతూ ఉంటే తడి అంచు ఆరకుండా పని సాగుతుంది. ఇద్దరితోనే కానిచ్చేస్తామంటే అతుకులు తప్పవు. లాగేవాళ్ల కాళ్లకు అడుగు చదునుగా ఉన్న చెప్పులు ఉండాలి. మధ్యలో టీ బ్రేక్ అంటే ఒక వరస పూర్తయ్యాకే.

ఆరాక (ఎండ బాగుంటే గంట రెండు గంటల్లో చెయ్యి పెడితే అంటదు) కోర్టు మీద వాలుగా పడే వెలుతురులో, అంటే పొద్దునో సాయంత్రమో, నేలకు తల ఆనించినంత కిందికి వంగి చూడండి. గట్లు, ఇసుక ముద్దలు, ఎండుటాకు అతుక్కున్న చోట్లు అప్పుడే కనబడతాయి. ఇనుప స్క్రేపర్‌తో గీకించి, ఊడ్చి, అప్పుడు తర్వాతి కోటు. అది మొదటిదానికి అడ్డంగా లాగాలి. కింద మిగిలిన గట్టు పైన రంగు వేస్తే పోదు, ఇంకా బాగా కనబడుతుంది.

8. రంగు

ఇప్పుడు కలర్ చార్ట్ తీయండి. పసుపు టెన్నిస్ బంతి నీలం మీద బాగా ఆనుతుంది. యూఎస్ ఓపెన్ 2005లో, ఆస్ట్రేలియన్ ఓపెన్ 2008లో నీలానికి మారాయి. ముదురు రంగులు ఎండలో ఎక్కువ వేడెక్కుతాయి. సాయంత్రం నాలుగింటికే పిల్లలు దిగే కోర్టు అయితే లేత వైపే మొగ్గండి. చుట్టూ ఎరుపు, లోపల ఆకుపచ్చ పాత అలవాటు, తప్పేమీ లేదు.

లాగే పద్ధతి రీసర్ఫేసరుదే. తేడా ఏమిటంటే ఇక్కడ అతుకు కనిపిస్తే అది కోర్టు ఉన్నంతకాలం కనిపిస్తుంది. అందుకని ఒక రంగు ఉన్న భాగాన్ని ఆ పూటే మొదలుపెట్టి ఆ పూటే ముగించాలి, ఆపితే గీత పడబోయే చోటే ఆపాలి. డ్రమ్ముకూ డ్రమ్ముకూ రంగులో పిసరంత తేడా ఉంటుంది కాబట్టి సగం అయిన డ్రమ్ములోనే కొత్తది కలుపుకుంటూ పోవడం మంచి పద్ధతి. మొదటి రంగు కోటు మచ్చలుగా కనబడితే కంగారు పడకండి, రెండో కోటుతో సర్దుకుంటుంది. రెండో కోటు తర్వాత కూడా మచ్చలుంటే మాత్రం మూడోది అడగండి.

9. గీతలు

ఆఖరి రంగు కోటు పూర్తిగా ఆరాక, మర్నాడు. ముందు కొలతల మూలసూత్రం, ఎందుకంటే మంచి పనివాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు. టెన్నిస్‌లో గీతలు కోర్టులో భాగం, 23.77 ఇంటూ 10.97 మీటర్లు బయటి అంచు నుంచి బయటి అంచుకు. బాస్కెట్‌బాల్‌లో హద్దు గీత కోర్టు బయట లెక్క, 28 ఇంటూ 15 మీటర్లు లోపలి అంచు నుంచి లోపలి అంచుకు. వాలీబాల్, 18 ఇంటూ 9, మళ్లీ టెన్నిస్ లాగే. ఒకే స్లాబు మీద రెండు ఆటలు గీసేటప్పుడు ఈ తేడా మరిచిపోతే ఐదేసి సెంటీమీటర్ల తప్పు నాలుగు పక్కలా పడుతుంది.

మూలమట్టం చూడడానికి కర్ణం కొలవండి. టెన్నిస్ డబుల్స్ కోర్టు రెండు కర్ణాలూ 26.18 మీటర్లు, బాస్కెట్‌బాల్‌వి 31.76 మీటర్లు రావాలి. రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే నాలుగు మూలలూ మళ్లీ పెట్టాల్సిందే. ఇనుప టేపు వాడండి, గుడ్డ టేపు సాగుతుంది. తర్వాత సుద్ద దారం కొట్టుకుంటూ పోవడమే. టెన్నిస్‌లో నెట్ నుంచి సర్వీస్ లైనుకు 6.40 మీటర్లు. బాస్కెట్‌బాల్‌లో ఎండ్‌లైను లోపలి అంచు నుంచి ఫ్రీత్రో గీత అవతలి అంచుకు 5.80, త్రీపాయింట్ ఆర్కు 6.75 మీటర్లు. ఆర్కును బోర్డు కింద నుంచి కాదు, రింగు మధ్య నుంచి నేల మీదికి దించిన బిందువు దగ్గర మేకు పెట్టి తిప్పాలి, ఆ బిందువు ఎండ్‌లైను లోపలి అంచుకు 1.575 మీటర్ల దూరంలో ఉంటుంది.

బాడ్మింటన్, పికిల్‌బాల్ రెండూ కావాలని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. రెండింటి బయటి కొలత ఒకటే, 44 ఇంటూ 20 అడుగులు. కానీ నెట్ నుంచి బాడ్మింటన్ షార్ట్ సర్వీస్ గీత ఆరున్నర అడుగులకు, పికిల్‌బాల్ 'కిచెన్' గీత ఏడడుగులకు వస్తాయి. ఆ అరడుగు తేడాలో రెండు తెల్ల గీతలు గీస్తే ఆడేవాళ్లకు పిచ్చెక్కుతుంది. ముఖ్యమైన ఆటకే తెలుపు, రెండోదానికి నేల రంగుకు దగ్గరగా ఉండే లేత షేడ్ ఇవ్వండి. మూడో ఆట గీతలు వద్దు.

మాస్కింగ్ టేపు రెండు పక్కలా వేసి, అంచును గట్టిగా నొక్కి, ముందు లైన్ ప్రైమరు పూయాలి. సిమెంటు కోర్టు గరుకు కాబట్టి టేపు కింద ఇసుక రేణువుల మధ్య సందులు ఉంటాయి, తెల్ల పెయింటు వాటిలోంచి పాకుతుంది. ప్రైమరు ఆ సందులను మూసేస్తుంది. తర్వాత ఇసుక కలిసిన లైన్ పెయింటు రెండు పలచని కోట్లు. టేపును పూర్తిగా ఎండాక లాగితే అంచు చిరుగుతుంది, పెయింటు ఇంకా మెత్తగా ఉండగానే వాలుగా లాగాలి.

10. ఆ తర్వాత

కనీసం రెండు రోజులు, వీలైతే వారం పాటు గేటుకు తాళం. పిల్లల నుంచి ఒత్తిడి వస్తుంది, వాట్సాప్ గ్రూపులో పెద్దవాళ్ల నుంచి ఇంకా ఎక్కువ వస్తుంది.

తర్వాత నెలకోసారి నీళ్లు, మెత్తటి చీపురు చాలు. వానాకాలంలో నీడపట్టున పాచి పడితే తేలికపాటి బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపాగి కడిగేయాలి. ఇనుప బ్రష్ ముట్టుకోకూడదు. స్కేటింగ్, సైకిళ్లు వద్దు. అసలు శత్రువు మాత్రం ఫంక్షన్లు. వినాయక చవితి మండపం, బతుకమ్మ, న్యూ ఇయర్ విందు అన్నీ కోర్టు మీదే పెడతారు, ఎందుకంటే ఖాళీగా, చదునుగా ఉండేది అదొక్కటే. వద్దనలేకపోతే షరతులు పెట్టండి: షామియానా గుంజలకు మేకులు దిగకూడదు, ఇసుక బస్తాలే. ఇనుప కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు. వంట పొయ్యి కోర్టు మీద అసలు పెట్టకూడదు. పసుపు నీళ్లు, నూనె, హోలీ రంగు పడితే ఆ రాత్రే కడిగించాలి.

వాడకాన్ని బట్టి నాలుగేళ్ల నుంచి ఏడెనిమిదేళ్లలో రంగు అరిగి, గరుకు తగ్గి, గీతలు వెలుస్తాయి. అడుగు పొర గట్టిగా ఉంటే అప్పుడు కడిగి రెండు రంగు కోట్లు వేస్తే సరిపోతుంది, మొదటిసారి చేసిన పనంతా మళ్లీ అక్కర్లేదు. ఆ రోజు కోసం ఇప్పుడే బ్రాండు, షేడు, బ్యాచ్ నంబరు, వాడిన ఇసుక మెష్ ఒక కాగితం మీద రాసి అసోసియేషన్ ఫైల్లో పెట్టండి. ఫోన్‌లో పెట్టుకుంటే కమిటీ మారినప్పుడు ఫోన్‌తో పాటే వెళ్లిపోతుంది.